దివాంధము కాదు, దివాభీతము

సంస్కృత నిఘంటువులు గుడ్లగూబకు పెక్కు పేర్లు చెప్పుచున్నవి. ఉలూకము, ఘూకము, కౌశికము అనునవి విద్యార్థులకు పరిచితములే. వానితోపాటు దివాంధము, దివాభీతము అను మరి రెండు పేర్లు కలవు. పగలు కన్ను గాననిదని మొదటిదాని యర్థము. పగటికి జడియునదని రెండవదాని యర్థము. మొదటి పేరు పొరపాటు. రెండవది సత్యమునకు మిక్కిలి దగ్గర. చలికాలమున గూబలను చూడబోవువారు ముందుగా గ్రహింపవలసినది ఈ భేదమునే.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు కృష్ణానది పశ్చిమ డెల్టాలోనివి. చలికాలమున ఇచ్చట వరికోతలు సాగును. కోతకు ముందే చేలలో చల్లిన మినుములు, పెసలు మొలకలెత్తును. కుప్పలక్రిందను, గట్లలోను ఎలుకలు, పందికొక్కులు కాపురముండును. వానికొరకే గూబలు పొలములకు వచ్చును. తెల్లని ముఖముగల గూబ పాడుబడిన మిద్దెలలోను, గోపురముల గూళ్లలోను పగలు గడపును. దాని కూత చావునకు సూచనయని భయపడి జనులు దానికి చావుపిట్ట యని పేరు పెట్టిరి. ఒడలిపై తెల్లని చుక్కలుగల చిన్న పైడికంటి ముసలి చింతల, మఱ్ఱుల తొఱ్ఱలలో జంటగా నివసించును. ఉత్తరదేశములనుండి చలికాలమున భారతదేశమునకు వచ్చు పొట్టిచెవుల గూబ చెట్టుకంటె నేలనే కోరును. బయలు గడ్డిభూములలో దాగి పగలు విశ్రమించును.

గూబ కనుగ్రుడ్లు అటునిటు కదలవు. అందువలననే అది మెడను దాదాపు 270 డిగ్రీలవరకు త్రిప్పగలదు. పగటివెలుగునందు కూడ దానికి చూపు కలదు. కన్నులు అరమోడ్చి కదలక కూర్చున్నంతమాత్రమున అది మనలను చూడలేదనుకొనరాదు. చావుపిట్ట చెవిరంధ్రములు రెండును ఒక్క ఎత్తున నుండవు. ఆ భేదమువలన అది కటికచీకటిలో సయితము ఎలుక అలికిడి విని, ఎచ్చటనుండి వచ్చినదో నిర్ణయింపగలదు. అట్టి చెవులకు పదిమంది పిల్లల గుసగుసయు గొప్ప రొదయే.

ఇక పగటికి జడియుట యేల? పంచతంత్రమున మూడవ తంత్రమునకు కాకోలూకీయమని పేరు. కాకులకును గూబలకును గల వైరమే అందలి కథ. ఆ వైరము కేవలము కల్పితము కాదు. చూడవచ్చినవారి అలజడికి బెదరి గూబ పగటివేళ తొఱ్ఱ విడచినచో, కాకులు గుంపుగా వెంబడించి దానిని వేధించును. విశ్రాంతి చెడిన పక్షికి రాత్రి వేట కష్టమగును. గూటిలో పిల్లలున్నచో వానికి ఆకలి తప్పదు. మనము ఒక్క నిమిషము చూచి యింటికి పోదుము. ఆ నిమిషపు బాధను అది రాత్రియంతయు అనుభవించును.

2017లో విశాఖపట్నమున, నిర్మాణములోనున్న ఒక భవనమునందు చావుపిట్ట పిల్లలు కనబడగా, వానిని తీసిన వీడియో దేశదేశములకు ప్రాకెను. అవి గ్రహాంతరవాసులని పలువురు భ్రమపడిరి. పూర్వము అపశకునమని తరిమిరి. ఇప్పుడు వింతయని చుట్టుముట్టుచున్నారు. భయముచేత విసరిన రాయియు, ముచ్చటచేత వేసిన వెలుగును పక్షిని గూటినుండి వెడలగొట్టుటలో సమానములే.

కావున చూడదలచినవారు కొన్ని నియమములు పాటింపవలెను. ఎంత దూరమున నిలువవలెనను ప్రశ్నకు గజములలో సమాధానము లేదు. గూబ నడవడియే కొలత. అది నిటారుగా సాగి సన్నబడినను, కన్నులు విప్పార్చి మనవైపే చూచినను, పైడికంటి తలను పైకి క్రిందికి ఊపినను, హద్దు దాటితిమని యెఱిగి వెనుకకు మరలవలెను. టార్చిలైటును, కెమెరా మెఱుపును దానిపై వేయరాదు. ఫోనులో గూబకూత వినిపించి పిలువరాదు. మరియొక గూబ తన చోటికి వచ్చినదని అది కలతపడును. ఎలుకను ఎరగా చూపరాదు. ఫోటోకు అడ్డమని కొమ్మలు నరకరాదు. గడ్డిబీళ్లలో బాట విడచి నడువరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, అది నివసించు చెట్టు జాడను నలుగురికి చాటరాదు. క్షుద్రపూజలకై గూబలను పట్టి అమ్ము వ్యాపారము దేశమున సాగుచున్నదని ట్రాఫిక్ అను సంస్థ 2010లో ప్రకటించిన నివేదికయందు తెలిపెను. గూబలను వేటాడుట 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము.

పక్షిని కదల్పకయే దానిని గూర్చి తెలిసికొను మార్గము కూడ కలదు. గూబ ఎలుకను సామాన్యముగా ముక్కలు చేయక మ్రింగి, జీర్ణముకాని వెండ్రుకలను, ఎముకలను ఉండగా క్రక్కును. సాయంకాలము పక్షి వేటకు వెడలిన పిదప ఉపాధ్యాయుడు ఒక్కడే పోయి, చేతితొడుగులు ధరించి, చెట్టుక్రింద పడిన ఉండలను ఏరితెచ్చి, బాగుగా ఎండబెట్టి తరగతిలో విప్పి చూపినచో ఎలుకల పుఱ్ఱెలు బయల్పడును. విద్యార్థులు వానిని లెక్కించి, తేదీతో సహా పుస్తకమున వ్రాసికొనవచ్చును. ఆ లెక్కను బాలుడు ఇంటికి పోయి రైతైన తండ్రికి చెప్పినచో, వడ్లకుప్పను రేయెల్ల కాచిన పక్షిని చావుపిట్ట యని పిలుచుటకు ఆ యింట ఎవరికిని నోరు రాదు.