ఎలుక మెదడు వాపు తగ్గింది – మరి మనిషికో?

పక్షవాతం కాలూచెయ్యీ జబ్బని మా రెడ్డిగూడెంలో ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. నిజానికి అది మెదడు జబ్బు. రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే మెదడు కణాలకు ప్రాణవాయువు అందదు. సోడియంను బయటికి తోడే ఏర్పాటు ఆగిపోతుంది. ఉప్పు వెంట నీరు చేరి కణాలు ఉబ్బుతాయి. కాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు గదా! పెద్ద స్ట్రోకుల్లో మొదటి కొద్దిరోజుల్లో ప్రాణం తీసేది తరచు ఈ వాపే.

దీన్ని తగ్గించే హార్మోను ఉందా? తలకు దెబ్బ తగిలిన ఎలుకల్లో ఆడవి బాగా కోలుకోవడం అమెరికా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ స్టెయిన్ గమనించారు. కారణం వెతికితే గర్భాన్ని నిలిపే హార్మోను ప్రొజెస్టిరోన్ కనబడింది. అది వాపును తగ్గించింది. 1996లో స్ట్రోకు కలిగించిన మగ ఎలుకల్లో కూడా మెదడు నష్టాన్ని తగ్గించింది.

ఈ పరీక్షలో ఎలుకకు మత్తిచ్చి, సన్నని నైలాన్ దారంతో మెదడు నాళాన్ని మూస్తారు. ఒక జట్టుకు హార్మోను, ఇంకో జట్టుకు హార్మోను లేని ద్రావణం ఇస్తారు. మామిడి పిందె రాలకుండా మందు కొట్టేటప్పుడు మా నాన్నగారు ఒక వరుస వదిలేస్తారు. లేకపోతే కాపు నిలిచింది మందు వల్లనో, వాతావరణం వల్లనో ఎలా తెలుస్తుంది? ఇదీ అంతే. చివరికి మెదడును తూచి, ఎండబెట్టి, మళ్ళీ తూస్తారు. తగ్గిన బరువే నీరు.

మరి మనుషుల్లో? తలదెబ్బ తగిలిన 100 మందిపై జరిపి 2007లో ప్రచురించిన పరీక్ష ఆశ పుట్టించింది. కాని 2014లో 882 మందిపై ఒకటి, 1,195 మందిపై ఒకటి, రెండు పెద్ద పరీక్షలు మేలేమీ లేదని తేల్చాయి. ప్రయోగశాల ఎలుక పడుచుది, ఆరోగ్యమైనది. దెబ్బ తగిలిన నిమిషం కూడా తెలుసు. మా వూరి పెద్దాయనకు బి.పి., షుగరు, జబ్బు ఏ వేళప్పుడు వచ్చిందో ఇంట్లోవాళ్ళకే తెలియదు.

అయితే జంతుపరీక్షలు దండగేనా? కాదు. గడ్డను కరిగించే మందు స్ట్రోకుకు పనికొస్తుందని 1985లో కుందేళ్ళలో కనిపించింది; 1995లో మనుషుల్లో రుజువైంది. ఎలుక దారి చూపుతుంది, తీర్పు మాత్రం మనిషిలోనే తేలాలి.

ఆ మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. మిత్రులారా, సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఈ ఒక్క మాట చెప్పండి: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆకుపసరు కోసం తిరగకుండా వెంటనే స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని.