నిట్టనిలువు వీధిలో నలభై సెకండ్లు

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికాలోని తెలుగువారికి ముందుగా స్ఫురించేది పెన్ హిల్స్ గుట్ట మీద 1976లో వెలసిన శ్రీ వేంకటేశ్వరాలయం. ఏడుకొండలవాడికి తగినట్లు కొండలకు కొదవలేని ఊరే దొరికింది. అలెగెనీ, మొనొంగహీలా నదులు అక్కడి పీఠభూమిని లోతుగా కోసి, నగరమధ్యంలో కలిసి ఒహాయో నదిగా సాగిపోతాయి. ఒకప్పుడు నదీతీరాన ఉక్కు కర్మాగారాలు, పైనున్న వాలుల మీద కార్మికుల నివాసాలు ఉండేవి. ఇంటికీ పనికీ నడుమ రాకపోకలకై ఆ నగరంలో ఏడు వందలకు పైగా మెట్లదారులు వెలిశాయి. మెట్లు కట్టవలసినంత ఏటవాలులో సైతం కొన్నిచోట్ల వీధులే వేశారు.

వాటిలో పేరుమోసినది బీచ్‌వ్యూ ప్రాంతంలోని క్యాంటన్ అవెన్యూ. రాళ్ళు పరచిన ఇరుకు వీధి. కొండ భాగం పొడవు సుమారు 65 మీటర్లే అయినా, అందులో ఇరవై అడుగుల మేర వాలు 37 శాతమని ప్రతీతి. అనగా నూరడుగులు అడ్డంగా జరిగే లోపల 37 అడుగులు పైకి లేవాలి. అమెరికా అంతర్రాష్ట్ర రహదారులలో వాలు సాధారణంగా ఆరేడు శాతాన్ని మించదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రసిద్ధికెక్కిన ఫిల్బర్ట్ వీధి వాలు 31.5 శాతం. ప్రపంచంలో అత్యంత ఏటవాలు వీధి అన్న బిరుదు కోసం న్యూజీలండ్ వీధి ఒకటి, వేల్స్ వీధి ఒకటి 2019, 2020 సంవత్సరాలలో పోటీపడ్డాయి గాని, ఆ తగవు ఇక్కడ అప్రస్తుతం.

ఈ వీధిని సైకిలు మీద ఎక్కడమే ఒక పందెం. 1983లో డ్యానీ చ్యూ, ఆయన సోదరుడు టామ్, మిత్రుడు బాబ్ గాట్లీబ్ కలిసి దీనికి శ్రీకారం చుట్టారు. పేరు 'డర్టీ డజన్'. ఎక్కవలసిన కొండలు మాత్రం పదమూడు! నియమం సరళం, కఠినం. ఆగకూడదు, కాలు నేల మోపకూడదు. మోపినవారు కొండ అడుగుకు దిగివెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి. అమెరికా ఖండాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే పందెంలో 1996లోను, 1999లోను గెలిచిన చ్యూ, 2016లో సైకిలు మీద నుంచి పడి, వెన్నుకు దెబ్బ తగిలి, కాళ్ళ స్వాధీనం కోల్పోయాడు. ఆ పిమ్మట చేతులతో త్రిప్పే సైకిలు ఎక్కాడు.

కొండ ఎక్కడానికి చేయవలసిన పని, దారి ఎంత చుట్టు తిరిగినా ఒక్కటే. తిరుమల ఘాట్ రోడ్డు చేసే ఉపకారం పనిని తగ్గించడం కాదు, ఎక్కువ దూరం మీద పరచడం. శాన్ ఫ్రాన్సిస్కో సైకిలువారు 'విగ్గిల్' అని పిలుచుకునే వంకర దారి కూడా గుట్టల నడుమ పల్లాన్ని వెదుక్కుంటూ పోయేదే. క్యాంటన్ అవెన్యూలో ఆ వెసులుబాటు లేదు. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలనుకుంటే, 37 శాతం వాలులో వెనక్కు లాగే బలం సుమారు 270 న్యూటన్లు. సెకండుకు మీటరున్నర వేగంతో ఎక్కితే కావలసిన సామర్థ్యం 400 వాట్ల పైచిలుకు. సాధన చేసినవారికి గంటసేపు ఇది దుస్సాధ్యం. ఒక్క నిమిషమైతే సాధ్యమే. ఆ వేగంతో ఈ కొండకు పట్టే కాలం నలభై సెకండ్ల పైన కొద్దిపాటి.

అంటే ఇక్కడ ఓడించేది బలహీనత ఒక్కటే కాదు. సీటు మీద నిటారుగా కూర్చున్న మనిషి గరిమనాభి నేలకు 1.1 మీటర్ల ఎత్తున, వెనుక చక్రం నేలను తాకే చోటుకు దాదాపు 45 సెంటీమీటర్లు ముందు ఉంటుంది. ఈ రెండు కొలతల నిష్పత్తిని బట్టి, వాలు 41 శాతం దాటితే సైకిలు వెల్లకిలా పడుతుంది. 37 శాతం దగ్గరే ముందు చక్రం మీద బరువు నామమాత్రమై, పెడల్‌ను గట్టిగా ఒక్క తొక్కు తొక్కితే గాలిలోకి లేస్తుంది. సరే, హ్యాండిల్ మీదికి వంగుదామంటే వెనుక చక్రం మీద బరువు తగ్గి, టైరుకు పట్టు చాలదు. వెనక్కు కూర్చున్నప్పుడు 0.4 సరిపోయే ఘర్షణ గుణకం, ముందుకు వంగినప్పుడు 0.5 కావాలి. పైగా తొక్కే బలం ఏకరీతిగా ఉండదు. ప్రతి తొక్కులోనూ ఒకసారి ఉచ్చస్థితికి వెళ్ళి పడిపోతుంది. ఆ ఉచ్చస్థితిలో కావలసిన పట్టు ఇంకా ఎక్కువ. పొడి రాయి ఆ పట్టు ఇవ్వగలదు. తడిసిన రాయి, దాని మీద రాలిన ఆకులు ఇవ్వలేవు. ఈ పందెం సంప్రదాయంగా జరుగుతూ వచ్చింది నవంబరు చివరనే!

ఇక ఆ నలభై సెకండ్ల ఇంధనం మాట. ఊపిరితిత్తులు, గుండె వేగం పుంజుకుని కండరానికి చాలినంత ప్రాణవాయువును అందించే లోపలే కొండ అయిపోతుంది. కనుక ఖర్చయ్యేది చాలావరకు కండరంలో ముందే దాచిన సరుకు. కండరానికి చేతినగదు వంటిది ఏటీపీ. తీవ్రశ్రమలో అది రెండు మూడు సెకండ్లకే చాలుతుంది. దాన్ని వెనువెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. అది సుమారు పది సెకండ్లు. మిగిలిన అర నిమిషం భారాన్ని ప్రధానంగా మోసేది ప్రాణవాయువుతో పనిలేకుండా గ్లైకొజెన్ విచ్ఛిన్నమయ్యే ప్రక్రియ.

ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెల్లడించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా దీని జాడ కనిపెట్టారు. రక్తంలో, కండరంలో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావులు 1925లోనే రూపొందించారు. కండరపు సారంతో పరీక్షిస్తే రంగు వెంటనే రాక, మెల్లమెల్లగా ముదరసాగింది. ఇతరులైతే పొరపాటని పారబోసేవారేమో! ఆమ్లంలో క్రమంగా విడిపోయే భాస్వర సమ్మేళనం ఏదో అందులో ఉన్నదని వారు గ్రహించారు. 1929లో ఏటీపీని కూడా, జర్మనీలో లోమన్‌తో సమాంతరంగా, వెలికితీశారు. సుబ్బారావుగారిని మందుల సృష్టికర్తగా కొనియాడే మన సభలలో ఈ తొలినాటి కృషి అంతగా వినపడదు.

అప్పటికి కండరాన్ని కదిలించేది లాక్టిక్ ఆమ్లమేనని శాస్త్రలోకం నమ్మకం. ఆ రంగంలో కృషికే హిల్, మైయర్‌హోఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషంతో అడ్డుకున్నా కండరం కొంతసేపు పనిచేస్తుందని, ఆ వేళ ఫాస్ఫోక్రియాటిన్ తరుగుతుందని చూపాడు. హిల్ ఆ మార్పును విప్లవమని హుందాగా అంగీకరించాడు.

అయినా కాళ్ళు మండితే లాక్టిక్ ఆమ్లాన్నే తిట్టడం వ్యాయామశాలల్లో నేటికీ అలవాటు. దాని లవణమైన లాక్టేట్ వ్యర్థపదార్థం కాదని, గుండెకు, ఇతర కండరాలకు అది ఇంధనమని బర్కిలీలో జార్జ్ బ్రూక్స్ 1980ల నుంచి వాదించి నిలబెట్టాడు. అలసటకు కారణాలుగా నేడు చెప్పుకునేవాటిలో హైడ్రోజన్ అయానులతో పాటు, ఫాస్ఫోక్రియాటిన్ విరిగినప్పుడు పోగయ్యే ఫాస్ఫేటు కూడా ఉన్నది. సుబ్బారావు కొలిచినది సరిగ్గా ఆ ఫాస్ఫేటునే. వీటిలో దేని వాటా ఎంత అన్న చర్చ ఇంకా ముగియలేదు.

క్యాంటన్ అవెన్యూ మీద సగంలో కాలు మోపినవారు సైకిలు త్రిప్పుకుని అడుగుకు దిగేసరికి, వగరుస్తూ పీల్చిన ప్రాణవాయువు పుణ్యమా అని ఖర్చయిన ఫాస్ఫోక్రియాటిన్‌లో దాదాపు సగం మళ్ళీ చేరుతుంది. నాలుగైదు నిమిషాలు ఓపిక పడితే ఇంచుమించు మొత్తం నిండుతుంది. రాళ్ళ మీది తడి ఆకులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.