ట్రెబుల్ బూస్టరు: గిటారు నాదాన్ని దిద్దే చిన్న పెట్టె

కొన్ని సంవత్సరాల క్రితం, వార్షికోత్సవానికి పదిరోజుల ముందు, విద్యుత్ గిటారు వాయించే విద్యార్థి ఒకడు నా దగ్గరకు వచ్చినాడు. తన వాద్యంలో పదును లేదనీ, దానికి ట్రెబుల్ బూస్టరు అనే పరికరం కావాలనీ, అది మన ఊరి బజారులో దొరకదనీ వాపోయినాడు. వలయచిత్రం చూడగా ఒక ట్రాన్సిస్టరు, మూడు నిరోధకాలు, మూడు కెపాసిటర్లు, ఒక నాబు మాత్రమే ఉన్నాయి. భౌతికశాస్త్రం బోధించేవాడికి ఇంతకంటె సులభమైన పని ఏముంటుందని ఉత్సాహపడి రెండు సాయంకాలాలలో పెట్టె తయారుచేసినాను. ఉత్సవం నాడు దాన్ని గిటారుకూ, మైకుసెట్టు యాంప్లిఫయరుకూ నడుమ తగిలించినాము. గిటారు శబ్దం చాలదేమోనన్న అతిజాగ్రత్తతో మరొక చిన్న ట్రాన్సిస్టరు వర్ధకాన్ని బూస్టరుకు ముందు చేర్చినాను. కుర్రవాడు తీగ మీటగానే చెవులు గింగురుమన్నాయి. ముందు వరుసలో కూర్చున్న ఉర్దూ శాఖ మిత్రులు నావైపు తిరిగి, "మాస్టారూ, తీగ మోగుతున్నదా, రేకు చిరుగుతున్నదా?" అని మెల్లగా అడిగినారు.

పెట్టె సరిగానే ఉన్నది. నేను దాని పేరును నమ్మి మోసపోయినాను. ట్రెబుల్ అంటే తారస్థాయి, బూస్టరు అంటే పెంచేది. కనుక తారాన్ని పెంచే యంత్రమని సరళంగా అర్థం చేసుకున్నాను. ఆ అర్థం సగమే నిజమని తరువాత తెలిసింది. మిగిలిన సగం తెలుసుకోవడానికి నాకు పట్టినంత కాలం మా విద్యార్థులకు పట్టకూడదనే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మొదట నాదం సంగతి. ఏ తీగను మీటినా ఒక్క స్వరమే పుట్టదు. గిటారులోని ఆరవ తీగ, అంటే అన్నిటికంటె లావుది, సెకనుకు సుమారు 82 కంపనాలు చేస్తుంది. దానితోపాటే 165, 247, 330 కంపనాల స్వరాలు, ఇంకా పైవి, సన్నగా పుడతాయి. వీటిని అతిస్వరాలు అంటాము. మూలస్వరం ఒకటే అయినా వీణకూ వేణువుకూ తేడా తెలియడానికి ముఖ్యకారణం ఈ అతిస్వరాల పాళ్ళే. మనవారికి ఇది కొత్త విద్య కాదు. తంబురా మెట్టుమీద తీగ క్రింద దారపుపోగును పెట్టి, అటూఇటూ జరిపి, ఒకచోట తీగ ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నట్లు మోగేటట్లు చేస్తారు. దానికి జీవ అని పేరు పెట్టినవారెవరో గాని ఎంత చక్కని పేరు! సితారు ఉస్తాదులు మెట్టును అరగదీసి ఇదే పని చేస్తారు. గలగలలాడే నాదానికి ఖులీ జవారీ అనీ, మెత్తగా మూసినట్లుండే నాదానికి బంద్ జవారీ అనీ అంటారు. ఒకే తీగ, ఒకే స్వరం; మారింది అతిస్వరాల పాలు మాత్రమే. విద్యుత్ గిటారులో ఈ మార్పు మెట్టు దగ్గర కాక, తీగ కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ తరువాత, తంతివలయంలో జరుగుతుంది.

1960ల నడుమ లండనులోని డల్లాస్ సంస్థ రేంజ్‌మాస్టర్ అనే పేరుతో ఒక లోహపు పెట్టెను విడుదల చేసింది. ఈనాడు అందరూ దీన్ని పెడల్ అంటున్నారు గాని, అది కాలితో త్రొక్కేది కాదు. యాంప్లిఫయరు నెత్తిమీద పెట్టి చేత్తో మీట వేసేది. లోపల ఓ.సి.44 అనే జర్మేనియం ట్రాన్సిస్టరు, 9 వోల్టుల బ్యాటరీ. దాని రహస్యమంతా ద్వారం దగ్గర కాపలా ఉన్న 0.005 మైక్రోఫారడ్ కెపాసిటరులో ఉన్నది. కెపాసిటరు వేగంగా మారే విద్యుత్తును సులభంగా పోనిస్తుంది, నెమ్మదిగా మారేదాన్ని అడ్డగిస్తుంది. దాని వెనుక ట్రాన్సిస్టరు చూపే నిరోధం సుమారు పన్నెండువేల ఓములు. ఈ రెండింటినీ మనం ఇంటర్మీడియట్‌లో చదివే సూత్రంలో పెట్టి గుణిస్తే సెకనుకు సుమారు 2,600 కంపనాలు వస్తాయి. అంతకు దిగువన ఒక్కొక్క స్థాయి దిగినకొద్దీ, అంటే కంపనాల సంఖ్య సగమైనకొద్దీ, బయటికి వచ్చే వోల్టేజి కూడా ఇంచుమించు సగమవుతుంది.

ఇక్కడొక చిన్న లెక్క వేయండి. ట్రాన్సిస్టరు పై స్వరాలను ఇరవై రెట్లకు పైగా పెంచుతుంది. ఆరవ తీగ మూలస్వరం 2,600 కంటె అయిదు స్థాయిలు క్రింద ఉన్నది. అయిదుసార్లు సగం చేస్తే ముప్పైరెండో వంతు. ఇరవై రెట్లు పెరిగి, ముప్పైరెండో వంతుకు తగ్గితే, మంద్రస్వరం లోపలికి వెళ్ళినంత కూడా బయటికి రాదు. కనుక ఈ పెట్టె చేసే పని రెండంచుల కత్తి వంటిది. పైవాటిని ఎత్తుతుంది, క్రిందివాటిని పెరగనివ్వదు. ఈ రెండవ గుణమే అసలైనదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఆ కాలపు యాంప్లిఫయర్లలో వాల్వులు ఉండేవి. వాల్వుకు ఒక హద్దు ఉన్నది. అంతకుమించిన వోల్టేజి వచ్చినప్పుడు అది తరంగ శిఖరాన్ని తెగ్గొట్టి పంపుతుంది. ట్రాన్సిస్టరు యంత్రాలు ఠక్కున తెగ్గొడితే, వాల్వులు కొంత మెత్తగా, మూలలు గుండ్రపరచి తెగ్గొడతాయి. ఆ తెగినచోట కొత్త అతిస్వరాలు పుడతాయి. రేడియో ఇంజనీరుకు ఇది విరూపణం, అంటే దోషం. గిటారు వాదకుడికి ఇదే సంపద. అయితే ఒక చిక్కున్నది. లావుతీగల తరంగాలు పెద్దవి. సముద్రపు పెద్ద అలమీద చిరుతరగలు తేలినట్లు వాటిమీద అతిస్వరాలు ఉంటాయి. పెద్ద అల హద్దును తాకి దాని తల తెగిపోయినప్పుడు ఆ తలమీది తరగలన్నీ దానితోపాటే పోతాయి. వినేవారికి బురదలో నడిచినట్లు మందమైన మోత మాత్రమే మిగులుతుంది. రెండు మూడు తీగలు కలిపి మీటితే మరీ అధ్వాన్నం.

యాంప్లిఫయరు మీది బేస్ నాబును తగ్గిస్తే చాలదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. వాల్వు తెగ్గొట్టిన తరువాత తగ్గిస్తే పోయిన తరగలు తిరిగి రావు. మంద్రాన్ని ముందే పలుచన చేసి, ఆ తరువాత వాల్వును హద్దు దాటించాలి. బియ్యంలోని రాళ్ళు వండకముందు ఏరాలి గాని అన్నం ఉడికాక ఏరితే ఏమి లాభం? ట్రెబుల్ బూస్టరు వాల్వుకు ముందు కూర్చొని చేసేది ఈ ఏరివేతే. అది పంపే విద్యుత్తు విడిగా వింటే కీచుగా ఉండవచ్చు. హద్దు దాటిన వాల్వులోంచి వచ్చేసరికి అది నిండుగా, స్పష్టంగా, పాడే గొంతులా మారుతుంది. మా ఉత్సవం నాటి మైకుసెట్టు యాంప్లిఫయరు ఉపన్యాసాల కోసం కట్టినది, హద్దుకు ఎంతో దిగువన పనిచేస్తున్నది. దాని హారన్ స్పీకర్లు మంద్రాన్ని పలకనే పలకవు. ఇక రేకు చిరగక ఏమవుతుంది!

నేను ముందు చేర్చిన వర్ధకం ఇంకొక తప్పు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేలకొద్దీ చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. ఆ చుట్ట అత్యంత వేగమైన కంపనాలను తానే నిరోధిస్తుంది. గిటారును బూస్టరుకు నేరుగా తగిలిస్తే, కెపాసిటరు మంద్రాన్ని ఆపుతుంది, చుట్ట అతితారాన్ని ఆపుతుంది, నడుమనున్న స్వరాలు గుట్టలా పైకి లేస్తాయి. మానవకంఠంలో అచ్చులకు వాటి రంగు ఇచ్చే కంపనాలు చాలావరకు ఈ నడిమి ప్రాంతంలోనే ఉన్నాయి. మధ్యలో మరో వర్ధకం దూరితే చుట్టకు ఈ అవకాశం పోయి, కీచుదనం నిరాటంకంగా లోపలికి వస్తుంది. అందుచేత గిటారు తరువాత మొదటి పరికరం ఇదే కావాలి. ఈ నియమం ఉల్లంఘించి పరికరాన్ని తిట్టేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

దీన్ని వాడి పేరుపొందినవారిలో ఐర్లండుకు చెందిన రోరీ గాలఘర్‌ను ముందు చెప్పాలి. ఆయన ఫెండర్ గిటారు, రేంజ్‌మాస్టర్, వాక్స్ ఏ.సి.30 యాంప్లిఫయరు, ఇంతే సరంజామా. ఆ నాదం విని ముగ్ధుడై, అది ఎట్లా వస్తున్నదో ఆయననే అడిగి తెలుసుకున్న యువకుడు బ్రయన్ మే. లండను ఇంపీరియల్ కళాశాలలో భౌతికశాస్త్రం చదివిన ఈ మే, 1963లో తండ్రితో కలిసి పాత పొయ్యిగూటి చట్రపు కొయ్యతో తన గిటారును స్వయంగా చేసుకోవడం మొదలుపెట్టినాడు. క్వీన్ బృందంలో లోకప్రసిద్ధుడైన తరువాత, ఎప్పుడో ఆపివేసిన పరిశోధనను మళ్ళీ చేపట్టి, 2007లో ఖగోళభౌతికంలో డాక్టరేటు పొందినాడు. పాట కోసం చదువు మానుదామనుకునే విద్యార్థులూ, చదువు కోసం పాట మాన్పించే తండ్రులూ ఈ సంగతి గమనించగలరు. మే పద్ధతి చూడండి: యాంప్లిఫయరు ధ్వనిని చివరిదాకా తిప్పి, ముందు బూస్టరును పెట్టి, ఆపైన అన్నిటినీ గిటారు మీది వాల్యూమ్ నాబుతోనే నడుపుతాడు. నాబు తగ్గిస్తే నిర్మలమైన మృదునాదం, పెంచితే దీర్ఘంగా పాడే నాదం.

అదే బృందంలోని జాన్ డీకన్, ఎలక్ట్రానిక్స్ చదివినవాడు, చెత్తలో దొరికిన ఒక వలయఫలకాన్ని చిన్న స్పీకరు పెట్టెలో బిగించి బ్యాటరీతో నడిచే బుల్లి యాంప్లిఫయరు చేసినాడు. మే తన బూస్టరును దానికి తగిలించి, గిటారుతోనే ఇత్తడి వాద్యబృందం వంటి నాదాలు పుట్టించి, 1975 నాటి క్వీన్ రికార్డులో వాడినాడు. బర్మింగ్‌హామ్ యువకుడు టోనీ అయొమ్మీది మరొక దారి. రేకుల కర్మాగారంలో కుడిచేతి రెండు వ్రేళ్ళ కొనలు తెగిపోయినా, తొడుగులు తగిలించుకొని వాయించిన ఈ ఎడమచేతి వాదకుడు, లేనీ యాంప్లిఫయరుకు ముందు రేంజ్‌మాస్టర్‌నే పెట్టి 1970లో బ్లాక్ సబ్బాత్ తొలి రికార్డులోని ఆ బరువైన నాదాన్ని సాధించినాడు. ట్రెబుల్ బూస్టరుతో అంత గంభీరమైన నాదమా అని ఆశ్చర్యపడేవారు పైన చెప్పిన బియ్యం, రాళ్ళ సంగతి మరొకసారి చదవండి.

జర్మేనియం గురించి ఒక మాట. ఇది మెత్తగా తెగ్గొడుతుందని వాదకులు మెచ్చుకుంటారు. కాని వేడికి తట్టుకోలేదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దానిలో కారిపోయే విద్యుత్తు సుమారు రెట్టింపవుతుంది. లండను చలిలో చక్కగా మోగిన వలయం మన వేసవి మధ్యాహ్నం గొంతు పట్టినట్లు మూలుగుతుంది. ఒకే సంఖ్య గల రెండు ట్రాన్సిస్టర్లు కూడా ఒక్కలా ఉండవు, అయిదారు పెట్టి చూసి చెవికి నచ్చింది ఉంచుకోవాలి. సిలికానుతో చేస్తే వేడి బాధ తప్పుతుంది, నాదం కొంచెం గట్టిపడుతుంది. మరొక జాగ్రత్త: పాత పద్ధతి వలయంలో బ్యాటరీ ధనధ్రువం భూమికి కలుస్తుంది. తక్కిన పెడళ్ళలో రుణధ్రువం కలుస్తుంది. అన్నిటికీ ఒకే అడాప్టరు పెడితే అది షార్టవుతుంది. దీనికి విడిగా బ్యాటరీ పెట్టడమే మేలు.

ఇక మా పెట్టె గతి. ఏ.సి.30లో చివరి వాల్వులు నాలుగు ఇ.ఎల్.84లు. మన ఇళ్ళలో అటకమీద పడివున్న పాత వాల్వు రేడియోలలో ఎన్నింటిలోనో ఇదే వాల్వు ఒక్కటి ఉంటుంది! అట్లాంటి రేడియో ఒకటి సంపాదించి, వెనుక గ్రామఫోను తగిలించే రంధ్రాలలో బూస్టరు తీగ పెట్టి, ముందున్న అనవసర వర్ధకాన్ని తీసివేసినాను. విద్యార్థులు ఇది చదివి వెంటనే అటక ఎక్కవద్దు. పాత రేడియోలలో కొన్నింటికి ట్రాన్స్‌ఫార్మరు ఉండదు, లోపలి లోహపు చట్రం నేరుగా కరెంటుకు కలిసి ఉంటుంది. దానికి గిటారు తగిలించి తీగ ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రేడియోలో కూడా ప్లగ్గు తీసిన తరువాత కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. నేను తెలిసిన మెకానిక్కు చేత చట్రాన్ని పరీక్ష చేయించి, భూమితీగ వేయించిన తరువాతనే ముట్టుకున్నాను. మీరూ అంతవరకు ఆగవలసిందే.

ద్వారం దగ్గర 0.005కు బదులు 0.01 మైక్రోఫారడ్ పెట్టి చూడగా హద్దు సుమారు 1,300 కంపనాలకు దిగి, నాదం మరికొంత ఒళ్ళు చేసింది. రేడియో ధ్వనిని పూర్తిగా పెంచి, ఆ విద్యార్థి చేతికి గిటారు ఇచ్చినాను. ఒక స్వరం మీటి పట్టుకున్నాడు. అది సన్నబడకుండా సాగుతూనే ఉన్నది. ప్రయోగశాల బయటి వరండాలో పోతున్న ఉర్దూ మిత్రులు ఆగి లోపలికి వచ్చినారు. ఈసారి ఏమీ అనలేదు. కుర్రవాడి చేతిలోని గిటారు మీద నాబును తానే మెల్లగా తగ్గించి, మళ్ళీ పెంచి, కాసేపు విని, "జవారీ విచ్చుకున్నది సుమా" అని స్టూలు లాక్కొని కూర్చున్నారు.