ముందు హృదయం, ఆ తర్వాతే నాలుక

గురువారం సాయంత్రం మద్రసాలలో ‘అంజుమన్’ జరపడం ఆనవాయితీ. విద్యార్థులు ఒక్కొక్కరుగా లేచి ప్రసంగించడం నేర్చుకుంటారు. కొన్నేళ్ళ క్రితం అలా నేర్చుకుంటున్న పదమూడేళ్ళ బాలుణ్ణి మేము వార్షిక జల్సా కోసం సిద్ధం చేశాము. ప్రసంగం మేమే రాసి ఇచ్చి, పొల్లు పోకుండా కంఠస్థం చేయించాము. జల్సా రాత్రి ఆ బాలుడు మైకు ముందు నిలబడ్డాడు. సలాం చేశాడు, హమ్ద్ పఠించాడు. ఆపైన మాట పెగల్లేదు. వేదిక దిగి వచ్చిన వాణ్ణి తోటి విద్యార్థుల ఎదుటే మందలించాము. పాఠం సరిగా వల్లెవేయలేదని నిందించాము.

మరునాడు ఆ బాలుడు తలవంచుకొని అన్నాడు: “హజ్రత్! మాటలన్నీ గుర్తున్నాయి. ఎక్కడ తప్పుతానో, మీరేమంటారో అన్న ఆలోచన తప్ప మనసులో మరొకటి లేకపోయింది.”

అప్పుడు మా పొరపాటు మాకు తెలిసివచ్చింది. మేము నాలుకకు శిక్షణ ఇచ్చాము, హృదయాన్ని విస్మరించాము.

ఫిరౌన్ వద్దకు వెళ్ళమని దైవాజ్ఞ అయినప్పుడు మూసా (అలై) చేసుకున్న దుఆ తాహా సూరా 25-28 ఆయతులలో ఉంది. దానిని మనం పిల్లలకు నేర్పుతూనే ఉంటాము. అయితే అందులోని క్రమాన్ని ఎన్నడైనా గమనించామా? ఆయన మొదట కోరుకున్నది హృదయ వైశాల్యం. పిదప కార్యం సులభం కావడం. ఆ తర్వాతే నాలుక ముడి వీడటం, ప్రజలు తన మాటను గ్రహించడం. అంతేకాదు, తనకంటే వాగ్ధాటి గల సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా ఇవ్వమని కూడా వేడుకున్నారు. అంతటి ప్రవక్తే తన బెరుకును ప్రభువు ఎదుట దాచుకోలేదు. కనుక సభాభీతి విశ్వాసలోపం కాదు, సిగ్గుపడవలసిన విషయమూ కాదు.

మనసును వర్తమాన క్షణంలో నిలిపే అభ్యాసాన్ని నేడు ‘మైండ్‌ఫుల్‌నెస్’ పేరిట నేర్పుతున్నారు. నమాజులో మనం సాధించవలసిన ‘హుజూరె ఖల్బ్’ దీనికి దగ్గరగా కనిపించినా, దానికంటే లోతైనది. ఇక్కడ మనసు నిలిచేది అల్లాహ్ సన్నిధిలో. ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో నమాజుకు జీవం పోసే ఆరు ఆంతరంగిక గుణాలను వివరిస్తూ దీనినే మొదట పేర్కొన్నారు. చేస్తున్న పని, పలుకుతున్న మాట తప్ప మరొకటి హృదయంలో లేకపోవడమే దాని సారం. రోజుకు ఐదుసార్లు ఈ సాధన చేసేవారికి వేదిక మీద మనసును నిలుపుకోవడం పూర్తిగా కొత్త విద్య కాదు.

జుమా ఖుత్బానే చూడండి. ఖతీబు మింబర్ ఎక్కగానే ప్రసంగం ప్రారంభించడు. కూర్చుంటాడు, అజాన్ ముగిసేవరకు వింటాడు, అప్పుడు లేస్తాడు. రెండు ఖుత్బాల నడుమ మళ్ళీ కాసేపు కూర్చుంటాడు. మౌనం కూడా ప్రసంగంలో భాగమే. దైవప్రవక్త (స) మాట్లాడితే, లెక్కించదలచినవారు ఆయన పదాలను లెక్కించగలిగేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. నమాజు దీర్ఘంగా, ఖుత్బా సంక్షిప్తంగా ఉండటం వివేకానికి చిహ్నమని సహీహ్ ముస్లింలో ఉంది.

ఆ జల్సా తర్వాత మేము అంజుమన్ పద్ధతి మార్చాము. విద్యార్థి లేవగానే మాట్లాడకూడదు. ముందు తన పాదాలు నేలపై ఆనిన సంగతి గమనించాలి. మూడుసార్లు నిదానంగా ఊపిరి పీల్చి వదలాలి. ఊపిరి నెమ్మదిస్తే గుండెదడ కొంత తగ్గుతుంది. మూసా (అలై) దుఆను అర్థం తలచుకుంటూ మెల్లగా పఠించాలి. తర్వాత ఎదుట ఉన్న ఒక్క ముఖాన్ని చూసి, మొదటి వాక్యం ఆ ఒక్కరికే చెబుతున్నట్లు చెప్పాలి. ప్రసంగమంతా వల్లెవేయనవసరం లేదు. చెప్పదలచిన మూడు విషయాలు గుర్తుంటే చాలు. మాట అందకపోతే కంగారుపడక ఆగాలి. మనకు యుగంలా తోచే ఆ విరామాన్ని శ్రోతలు చాలాసార్లు గుర్తించనే గుర్తించరు.

అన్నిటికంటే ముందు నియ్యత్‌ను సరిచేసుకోవాలి. మెప్పు కోసం లేచినవారిని ఎదుటివారి ముఖాలే భయపెడతాయి. వారి మేలు కోరి లేచినవారికి ఆ ముఖాలే ఆప్తంగా కనిపిస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. అతిథులు రాగానే పిల్లలను నిలబెట్టి నాత్ చదవమని, ప్రసంగించమని బలవంతపెట్టకండి. తడబడితే నవ్వకండి. ఇంట్లో నవ్వులపాలైన పసిమనసు సభలో ధైర్యంగా నిలబడటం కష్టం.

ఇక ఆ బాలుడి సంగతి. మందలించిన ఆ విద్యార్థుల ఎదుటే మేము వాణ్ణి క్షమాపణ కోరాము. మరుసటి ఏడాది జల్సాలో వాడు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో ఒకచోట మాట ఆగింది. మేము ఊపిరి బిగబట్టాము. వాడు మాత్రం నెమ్మదిగా ఊపిరి పీల్చుకొని, ఎదుటివారిని చూసి, తర్వాతి మాట అందుకున్నాడు.

అల్లాహ్ మన హృదయాలను విశాలపరచుగాక! మన పిల్లల నాలుకలకు సత్యాన్ని, సౌమ్యతను ప్రసాదించుగాక! ఆమీన్.