అనుమానం – విచారణ

ఒంగోలు పరిసర గ్రామాల కల్లాలలో మిరపకాయలు ఆరే రోజుల్లోనే మన వార్షిక పరీక్షలు సమీపిస్తాయి. కల్లంలో కూర్చున్నవారు కాయలను చేతిలోకి తీసుకొని, పరికించి, తాలు కాయలను వేరు చేస్తారు. దూరం నుండి రంగు తగ్గినట్లు తోచినంత మాత్రాన ఏ రైతూ కాయను పారవేయడు. ఒక విద్యార్థి కాపీ కొట్టాడన్న అనుమానం కలిగినప్పుడు అధ్యాపకుడు చూపవలసిన ఓర్పు కూడా ఇటువంటిదే.

పరీక్షలో మోసం చిన్న తప్పు కాదు. పత్తి చేలలో చెమటోడ్చే తల్లిదండ్రుల బిడ్డ రేయింబవళ్లు చదివి సాధించిన మార్కుల విలువను అది హరిస్తుంది. అందువల్లనే పబ్లిక్ పరీక్షలలో అక్రమాలను నిరోధించడానికి ఆంధ్రప్రదేశ్ 1997లో ప్రత్యేక చట్టం చేసింది. జాతీయ స్థాయి పరీక్షలలో ప్రశ్నపత్రాల లీకేజీ వంటి నేరాలను అరికట్టడానికి 2024లో కేంద్ర చట్టం అమలులోకి వచ్చింది. ఐతే తరగతిలో జరిగే స్లిప్ టెస్టు విషయంలో ఆరోపించేవాడు, విచారించేవాడు, తీర్పు చెప్పేవాడు అధ్యాపకుడొక్కడే. కనుకనే ఆయన బాధ్యత మరింత బరువైనది.

ఈ బాధ్యత స్వరూపాన్ని సుప్రీంకోర్టు 1962లో వెలువరించిన ఒక తీర్పు తెలియజేస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో 1954 ఇంటర్మీడియట్ పరీక్షలో ఉత్తీర్ణులైన ముగ్గురు విద్యార్థుల ఫలితాలను, అక్రమానికి పాల్పడ్డారన్న కారణంతో, అక్కడి బోర్డు రద్దు చేసింది. వారికి సంజాయిషీ చెప్పుకొనే అవకాశమే ఇవ్వలేదు. విద్యార్థి భవితవ్యాన్ని నిర్ణయించేవారు అతని మాటను విని తీరాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. 1970లో బీహారుకు చెందిన మరొక కేసులో, సామూహికంగా కాపీ జరిగిన కేంద్రంలో పరీక్షను రద్దు చేయడానికి ఒక్కొక్కరినీ విచారించనక్కరలేదని అదే న్యాయస్థానం పేర్కొన్నది. అక్కడ ఏ ఒక్కరి మీదా విడిగా నింద మోపలేదు. నింద ఒక వ్యక్తిపై పడినప్పుడు మాత్రం విచారణ తప్పనిసరి.

తరగతి గదికి ఈ సూత్రం ఎలా వర్తిస్తుంది? అనుమానం కలిగిన వెంటనే నలుగురిలో దూషించరాదు. చీటీ కనిపిస్తే దానిని తీసుకొని, సమయం వ్రాసుకొని, విద్యార్థిని పరీక్ష పూర్తి చేయనివ్వాలి. తరువాత ఏకాంతంలో పిలిచి, "ఈ లెక్క ఎలా చేశావో చెప్పు నాయనా" అని అడగాలి. రెండు పత్రాలలో సరైన జవాబులు ఒకేలా ఉండటం వింత కాదు. అరుదైన తప్పులు ఒకేలా ఉంటే ఆలోచించవలసిందే. అప్పుడు కూడా ఎవరు ఎవరిది చూశారో తేలాలి. సందేహం తీరకపోతే వేరొక ప్రశ్నపత్రంతో మరల పరీక్షించవచ్చు. తప్పు రుజువైతే శిక్ష తప్పదు. అది తప్పుకు తగినంతే ఉండాలి.

విద్యార్థికి కూడా కర్తవ్యం ఉన్నది. తప్పు చేసినవాడు దానిని దాచక ఒప్పుకోవాలి. చేయనివాడు కోపగించక తన జవాబును వివరించాలి. పోయిన మార్కులు మరుసటి పరీక్షలో తిరిగి వస్తాయి. తోటివారి ముందు పోయిన పరువు అంత సులభంగా తిరిగి రాదు. ఈ సత్యాన్ని గుర్తుంచుకొన్న తరగతిలో అధ్యాపకుని కంటికి, విద్యార్థి కలానికి సమానమైన గౌరవం లభిస్తుంది.