ఒకే ఎంపీ, రెండు సభలు, రెండు నియమాలు

జలదంకి మండలం ఓటరు ఎమ్మెల్యేను ఉదయగిరికి, ఎంపీని నెల్లూరుకు ఎన్నుకుంటాడు. ఈ మెట్ట ప్రాంతంలో వ్యాపారం చేసి రాజకీయాల్లోకి వచ్చినవాళ్లు కొత్త కాదు. కేఎంసీ కన్‌స్ట్రక్షన్స్ మేకపాటి వారి కుటుంబ సంస్థ. మేకపాటి రాజమోహన్‌రెడ్డి 1985లో ఉదయగిరి ఎమ్మెల్యే అయ్యారు, తర్వాత ఒంగోలు, నరసరావుపేట, నెల్లూరు స్థానాల నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ సంస్థను నడిపిన కుమారుడు గౌతమ్‌రెడ్డి 2014, 2019లో ఆత్మకూరులో గెలిచి, పరిశ్రమల మంత్రిగా ఉంటూనే 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఇప్పటి నెల్లూరు ఎంపీ వేమిరెడ్డి ప్రభాకర్‌రెడ్డిది గనుల వ్యాపారం.

ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టరు చట్టసభలో ఉండవచ్చా? ప్రజాప్రాతినిధ్య చట్టం (ఎన్నికల అర్హతలు, అనర్హతలు చెప్పే 1951 నాటి చట్టం) సెక్షన్ 9ఎ కుదరదనే అంటుంది. తన వ్యాపారంలో భాగంగా సంబంధిత ప్రభుత్వంతో సరుకుల సరఫరాకో, పనులకో ఒప్పందం నడుస్తుంటే ఆ వ్యక్తి అనర్హుడు. అయితే ఒప్పందం తన పేరున ఉండాలి. కంపెనీ చట్టం దృష్టిలో వేరే వ్యక్తి. కంపెనీ సంతకం చేస్తే అందులోని వాటాదారు సంతకం చేసినట్టు కాదు. ఇది దొంగదారి కాదు, చట్టం రాసిన తీరే అంత. అందుకే నిషేధం కన్నా వెల్లడి ముఖ్యమవుతుంది.

వెల్లడి దగ్గర రెండు సభలకూ పోలిక లేదు. ఆస్తులు, అప్పులు ప్రమాణం చేసిన 90 రోజుల్లో ఏ సభ వారైనా చెప్పాల్సిందే. రాజ్యసభలో దానికి తోడు 293వ నియమం కింద ప్రయోజనాల రిజిస్టరు (సభ్యుడికి ఏ కంపెనీలో జీతం వచ్చే డైరెక్టరు పదవి, అజమాయిషీ వాటా ఉన్నాయో నమోదు చేసే పుస్తకం) ఉంది. లోక్‌సభలో అలాంటి రిజిస్టరు లేదు. ప్రభాకర్‌రెడ్డి 2018 నుంచి 2024 వరకు రాజ్యసభలో ఉన్నారు. అదే ఏడాది లోక్‌సభకు మారారు. వ్యాపారం అదే, మనిషి అతనే, వర్తించే నియమం మాత్రం మారింది. ఆయన చేతిలో ఓడిన విజయసాయిరెడ్డి కూడా అప్పటికి రాజ్యసభ సభ్యుడే, కాబట్టి ఎవరు గెలిచినా సంగతి ఇంతే.

ఫ్రాన్స్‌లో 2013లో బడ్జెట్ మంత్రి జెరోమ్ కాహుజాక్ విదేశీ రహస్య ఖాతా బయటపడింది. ఆ దెబ్బకు స్వతంత్ర పారదర్శకతా సంస్థ ఏర్పాటైంది. అక్కడి ఎంపీల వ్యాపార సంబంధాలు ఆన్‌లైన్‌లో చూడవచ్చు. ఆస్తుల పత్రం మాత్రం ఓటరు ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లి చదువుకోవాలి, బయటపెట్టకూడదు. మన దగ్గర దాదాపు తలకిందులు. ఆస్తులు అందరికీ తెలుస్తాయి, సంబంధాలే మసకగా ఉంటాయి. నా దృష్టిలో ఓటరుకు పనికొచ్చేది రెండోదే. ఎంపీకి ఎంత ఉందన్నదాని కన్నా, ఏ బిల్లుతో ఆయనకు లాభమో తెలియడం అవసరం. లోక్‌సభకూ రిజిస్టరు రావాలి.

అంతవరకు ఒక ఆధారం ఉంది. 2018లో లోక్ ప్రహరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ఫారం 26లో (నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం) ప్రభుత్వ కాంట్రాక్టుల గడి చేరింది. అభ్యర్థికి, జీవిత భాగస్వామికి వాటా ఉన్న ప్రైవేటు కంపెనీల కాంట్రాక్టులూ అందులో రాయాలి. ఆ పత్రం ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఈసారి ఓటుకు ముందు ఆస్తుల మొత్తం దగ్గర ఆగకుండా ఆ గడి కూడా చదవండి.