తోడుంటే తూకం దిగుతుంది!

‘‘ఏం మే, కాస్త ఒళ్ళు చేసినట్లుండావే!’’

మదనపల్లె వైపు ఒకప్పుడు ఇది మెచ్చుకోలు. పుట్టింటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి మురిసిపోతూ అనే మాట. కరువుసీమలో ఒంటిమీద కాస్త కండ ఉందంటే ఇంట్లో గింజలున్నట్టే లెక్క మరి. ఊరి పక్కనే ఆరోగ్యవరంలో వందేళ్ళు దాటిన క్షయ ఆసుపత్రి ఉంది. మంచి మందులు రాకముందు ఇలాంటి శానిటోరియంలలో విశ్రాంతి, గాలి, బలమైన తిండే వైద్యం. తూకం ఎక్కిన రోగి బరువు పెరిగాడంటే కోలుకుంటున్నాడని అందరికీ సంతోషం!

అదే తూకం యంత్రం ఇప్పుడు భయపెడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ మహిళల్లో మూడోవంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు. మగవాళ్ళూ పెద్దగా వెనకబడి లేరు. నాలుగైదు కిలోలు తగ్గితే చాలనుకునేవాళ్ళ సంగతి సరే. ముప్ఫై, నలభై కిలోలు దించుకోవాల్సినవాళ్ళ కష్టమే వేరు. మోకాళ్ళు మొరాయిస్తాయి, షుగరు పలకరిస్తుంది, రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగి మెలకువ వస్తుంది. ఇక పెళ్ళిళ్ళకు వెళ్ళాలంటే చుట్టాల మాటలకు జంకు.

అలాంటివాళ్ళకు సలహాలు చెప్పనివారుండరు. తీపి మానెయ్, రాత్రి అన్నం మానెయ్, పొద్దున్నే నడువు... ఇవన్నీ వాళ్ళకు తెలియనివి కావు. లేనిదల్లా, ‘నిన్న రాత్రి ఎవరూ చూడకుండా నాలుగు లడ్డూలు తిన్నాను’ అని భయం లేకుండా చెప్పుకోగల మనిషి.

ఈ సంగతి అమెరికాలో ఒక గృహిణికి 1961లోనే తెలిసొచ్చింది. న్యూయార్క్‌లో ఉండే జీన్ నిడెచ్ బరువు అప్పుడు 97 కిలోలు. ఒకరోజు సూపర్‌మార్కెట్‌లో తెలిసినావిడ ఎదురై, కాన్పు ఎప్పుడని అడిగింది. ఆమె గర్భవతి కాదు! తల కొట్టేసినట్టయి నగర ఆరోగ్యశాఖ నడిపే స్థూలకాయ క్లినిక్‌కు వెళ్ళింది. వాళ్ళిచ్చిన ఆహార నియమాలతో కొంత తగ్గింది కూడా. కానీ బాత్‌రూమ్‌లో మాసిన బట్టల బుట్టలో బిస్కెట్లు దాచుకుని తినే అలవాటు మాత్రం పోలేదు. క్లినిక్‌లో ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

చివరికి బరువుతో బాధపడుతున్న ఆరుగురు స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచి బిస్కెట్ల కథ చెప్పేసింది. ఆశ్చర్యం... వాళ్ళూ ఒక్కొక్కరే తమ రహస్యాలు బయటపెట్టారు! వారం వారం కలవాలనుకున్నారు. రెండు నెలల్లో ఆ గుంపు నలభైమందైంది. 1962 అక్టోబరు నాటికి జీన్ 64 కిలోలకు దిగింది. మరుసటి ఏడాది ఆ కూటమే ‘వెయిట్ వాచర్స్’ సంస్థగా మారి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. 2015లో, 91వ ఏట ఆమె కన్నుమూసింది.

తోడు బలమెంతో లెక్కగట్టినవాళ్ళూ ఉన్నారు. 1999లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 166 మందికి బరువు తగ్గే శిక్షణ ఇచ్చారు. ఒంటరిగా చేరి మామూలు శిక్షణ పొందినవాళ్ళలో తగ్గిన బరువును పూర్తిగా నిలుపుకున్నది 24 శాతం. ముగ్గురు స్నేహితులతో కలిసి చేరి, ఒకరికొకరు ఆసరాగా నిలిచే శిక్షణ కూడా పొందినవాళ్ళలో 66 శాతం!

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ కోసం తెలుగు ఊళ్ళలో సభలు కిటకిటలాడాయి. ఆ పద్ధతిని చాలామంది వైద్యులు తప్పుబట్టారు, దాని జోలికి పోవాలనుకునేవాళ్ళు ఆ మాట వినాలి కూడా. అయితే జనం ఆ సభలకు వచ్చింది నూనె కోసమేనా? తమలాంటివాళ్ళు వందలమంది ఒకేచోట కనబడటం కూడా చిన్న విషయం కాదు. సినిమా అభిమానులకు ఇంకో ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. ‘రాఖీ’లో బొద్దుగా ఉన్న జూనియర్ ఎన్టీఆర్ 2007 నాటి ‘యమదొంగ’లో సన్నబడి కనిపించాడంటే, వెనకుండి చెప్పింది దర్శకుడు రాజమౌళి.

పుంగనూరు లాంటి ఊళ్ళో వంద కిలోలు దాటిన మహిళ ఒంటరిగా నడకకు బయల్దేరితే అరుగుల మీది కళ్ళన్నీ ఆమె వైపే. తోటికోడలో, పక్కింటి వదినో వెంట ఉంటే గుడికెళుతున్నట్టే ఉంటుంది! కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళొచ్చే ఉద్యోగికి నడకకు పొద్దుండదు. అతనికి బండి వచ్చేదాకా ప్లాట్‌ఫాం మీద అటూ ఇటూ తిరిగే జతగాడు చాలు.

ఇంట్లో మాత్రం అసలు పరీక్ష. రాగి సంగటి తప్పేం చేయలేదు. ముద్ద సైజూ, ఊరిబిండిలో శెనక్కాయలూ, ‘ఇంకొంచెం వేసుకో నాయనా’ అనే అమ్మ గరిటే లెక్కలోకొస్తాయి. ఒకరికి మజ్జిగ ఇచ్చి మిగతావాళ్ళు బజ్జీలు తింటుంటే ఎన్నాళ్ళు నిలుస్తారు? ‘నువ్వెక్కడ తగ్గుతావులే’ అనే మొగుడి మాట బజ్జీకన్నా చేటు.

వారానికి అర కిలో తగ్గినా మంచి లెక్కే. కొన్ని నెలలకు ముల్లు కదలక మొండికేస్తుంది, అప్పుడే చాలామంది వదిలేస్తారు. షుగరు మాత్రలు వాడేవాళ్ళు తిండి తగ్గించేముందు డాక్టర్‌ను కలవాలి, లేకుంటే చక్కెర బాగా పడిపోవచ్చు. మరీ ఎక్కువ బరువున్నవాళ్ళకు శస్త్రచికిత్స ఉంది. 2025లో మన దేశంలోకి కొత్త ఇంజెక్షన్లూ వచ్చాయి. వాటిని ఆపేస్తే పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చేస్తుందని పరిశోధనల్లో తేలింది. ఏ దారి పట్టినా ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చోక తప్పదు.

జీన్ వేసిన పద్ధతి మన ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. పొదుపు సంఘాల్లో పదిమంది చాప మీద కూర్చుని పుస్తకంలో లెక్క రాసుకుంటారు. ఒకరు రాకపోతే ఇంటికెళ్ళి కనుక్కుంటారు. ఆ పుస్తకంలోనే ఇంకో గడి గీసుకోవచ్చు. అంకె గట్టిగా చదవక్కర్లేదు, రాసుకుంటే సరి. తూకం యంత్రం వెయ్యి రూపాయలకు అటూఇటుగా దొరుకుతుంది. పదిమంది వేసుకుంటే తలా వంద.